రెండవ రాత్రి

అతిథి యనగా తిథి లేనివాడని మన పూర్వులు వ్యుత్పత్తి చెప్పినారు. అతడు ఏనాడు వచ్చునో తెలియదు. ఏనాడు పోవునో అదియును తెలియదు. రాకను గూర్చి మన ధర్మశాస్త్రములు విస్తారముగా విచారించినవి. వచ్చినవానిని ఎట్లు ఆదరింపవలెనో, అతడు ఆకలితో మరలిపోయినచో గృహస్థునకు కలుగు పాపమెట్టిదో అవి చెప్పినవి. పోకను గూర్చి వాని మాట మిక్కిలి పొదుపు. ఒక్క రాత్రి నిలుచువాడే అతిథి యని మనువు నిర్వచించినాడు. అట్లైనచో రెండవ రాత్రియు నిలిచినవాడెవడు? అతడు చుట్టము కాడు, సేవకుడు కాడు, అతిథియు కాడు. ఊరిలో ఉన్నాడు, ఊరివాడు మాత్రము కాడు. అతనికి ఊరు ఏమి బాకీ? ఊరికి అతడేమి బాకీ?

ఆ బాకీ ఎక్కడను వ్రాయబడి యుండదు. ఊరు కూడు పెట్టును, చూరు చూపును. అతడు బదులుగా ఏదో ఒకటి ఇచ్చుచుండును. అది పని కావచ్చును, పాట కావచ్చును, కేవలము వినయము కావచ్చును. ఇరుపక్షములును ఒప్పుకొన్నట్లే నడచుకొందురు. కాని ఏమి ఒప్పుకొన్నారని అడిగినచో ఎవరును చెప్పలేరు. విరాటనగరములోని అజ్ఞాతవాసము తలచుకొనుడు. కంకుడను పేర నున్న ధర్మరాజును విరాటుడు ఆదరించినాడు, సభలో ఆసనమిచ్చినాడు, జూదములో తోడు చేసికొన్నాడు. కొడుకు గెలుపును రాజు పొగడుకొనుచుండగా కంకుడు బృహన్నలను పొగడినాడు. అంతే, రాజు చేతిలోని పాచిక ముఖమునకు తగిలినది, నెత్తురు వచ్చినది. ఆశ్రితుడు ఆడదగిన మాట యేదో, ఆడదగని మాట యేదో అంతవరకు గడచిన యేడాదిలో ఎవరును అతనికి చెప్పియుండలేదు. షరతు దెబ్బతోపాటే తెలిసినది.

ఈ విషయమును ఐర్లండు నాటకకర్తలు పట్టుకొన్నంత గట్టిగా ఆధునికులలో మరియొకరు పట్టుకొనలేదని నా నమ్మకము. ఆ దేశపు రంగస్థలము మనకు కేవలము అపరిచితము కాదు. 1904లో డబ్లిన్ నగరమున వెలసిన ఆబీ రంగశాలలో 1913లో రవీంద్రుని 'డాక్‌ఘర్' ఆంగ్లరూపమున ప్రదర్శింపబడినది. కాని నేనిచట విచారింపదలచినది ఆ చుట్టరికమును కాదు. ఆ దేశపు పల్లెలు పలుకని ఒడంబడికలకు ఏల అంతగా అలవాటు పడినవో మొదట చూడవలెను. అక్కడి రైతునకు న్యాయస్థానము పరాయివారిది, భూమి పరాయివారిది, పోలీసువాని జీతము పరాయివారిది. 1880లో మేయో ప్రాంతమున కెప్టెన్ బాయ్‌కాట్ అను ఎస్టేటు ఏజెంటును ఊరంతయు వెలివేసినది. అతని పేరే ఆంగ్లములో బహిష్కారమునకు మారుపేరై మన స్వాతంత్ర్యోద్యమపు రోజులలో మన వీథులకును వచ్చినది. చట్టము తనది కానిచోట ఊరు తన చట్టమును మాటలలో పెట్టదు. పెట్టినచో సాక్ష్యమై కూర్చుండును. కనుక చూపులతో, మౌనముతో, త్రాగుటకు పోసిన గ్లాసుతో పని జరుపుకొనును.

1907 జనవరి 26వ తేదీన ఆబీ రంగశాలలో జాన్ మిల్లింగ్టన్ సింజ్ వ్రాసిన 'ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' మొదటిసారి ఆడబడినది. కథ మేయో తీరమున ఒక సారాయి అంగడిలో జరుగును. శరత్కాలపు చీకటి. అంగడి యజమాని మైకేల్ జేమ్స్ శవజాగరణకు పోవలెను; అచ్చట త్రాగుటకు కావలసినంత దొరకును. కూతురు పెగీన్ ఒంటరిగా మిగులవలసి వచ్చినది. ఆమెను పెండ్లాడబోవు షాన్ కియోను తోడుండుమన్నారు. మతగురువు ఏమనుకొనునో యని భయపడి అతడు, పట్టుకొన్నవారి చేతులలో తన కోటు వదలి పారిపోయినాడు. అట్టి సమయమున లోపలికి వచ్చినాడు క్రిస్టీ మాహన్. అలసినవాడు, మురికి బట్టలవాడు, బెదరు చూపులవాడు. ఏమి చేసి పారిపోయి వచ్చినాడో యని అందరును ఊహింప మొదలిడినారు: దొంగతనమా, దొంగనాణెములా, ముగ్గురిని పెండ్లాడినాడా, బోయర్ల పక్షమున పోరాడినాడా? అతడు దేనికిని ఔననడు. వీడేమియు చేసినవాడు కాడని పెగీన్ ఎకసక్కెమాడినప్పుడు రోషము వచ్చి చెప్పినాడు, తండ్రిని పారతో కొట్టి చంపితినని.

ఊరు అసహ్యించుకొనలేదు. తండ్రినే చంపగలిగినవాడు కాపున్నచో పిల్లకు భయమేమి యని లెక్క వేసికొన్నది. అంగడిలో పాత్రలు కడుగు పనికి అతనిని కుదుర్చుకొన్నారు. ఇంతవరకు పలికిన ఒప్పందము. పలుకనిది మరునాటి ఉదయమున మొదలైనది. ఊరి పడుచులు బాతుగుడ్లు, వెన్న, కేకు, ఉడికించిన కోడి పట్టుకొని వచ్చినారు. ఎందులకని అడిగినచో చుట్టుపట్ల మర్యాద యని చెప్పియుందురు. వారు కోరినది కథ. క్రిస్టీ చెప్పినాడు. చెప్పినకొలది పారదెబ్బ పెరుగుచు వచ్చినది. తలకు తగిలిన దెబ్బ నడుముదాక దిగినది. చెప్పినకొలది చెప్పువాడును పెరిగినాడు. తండ్రి యింట బెదరుచు బ్రతికినవాడు సముద్రపుటొడ్డున జరిగిన పందెములలో గెలిచినాడు. పెగీన్ మనసును గెలిచినాడు. వెనుకటి మొనగాళ్లు ఇప్పుడెక్కడ యని వాపోయిన పెగీన్‌కు, ఆ చప్పని తీరమునకు అతడు తెచ్చినది ఒక్కటే: తమ నడుమ కూడ ఏదైనను జరుగగలదను ఆశ. ఇది చిన్న వస్తువు కాదు. పనివాని జీతముతో కొనదగినది అసలే కాదు.

ఈ కథకు మూలము సింజ్ ఆరన్ దీవులలో విన్నాడు. యేట్స్ ప్రోత్సాహముతో అతడు 1898లో ఆ దీవులకు మొదటిసారి పోయినాడు. అక్కడి వృద్ధుడొకడు చెప్పినాడు: కొనాట్ ప్రాంతపువాడొకడు ఆవేశమున తండ్రిని పారతో చంపి దీవికి పారిపోయి వచ్చెనట, దీవివారు అతనిని వారములకొలది దాచిరట, పోలీసులు వెదకినను, బహుమానము ప్రకటించినను ఎవరును పలుకలేదట, పిమ్మట అతనిని అమెరికాకు ఓడ యెక్కించిరట. దీనికి సింజ్ ఇచ్చిన వివరణ గమనింపదగినది. సముద్రముమీది తుపానువంటి ఆవేశము పట్టినప్పుడు తప్ప మనిషి అట్టి పని చేయడనియు, చేసినవాడు పశ్చాత్తాపముతో విరిగిపోయి యున్నప్పుడు చట్టమునకు అప్పగించుట నిష్ప్రయోజనమనియు ఆ జనుల నమ్మకమట. దీవివారు ఆశ్రయమిచ్చినది పశ్చాత్తాపమునకు. వారు ప్రతిఫలము కోరలేదు. తమకు అందవచ్చిన ప్రతిఫలమును కాదన్నారు. నాటకములోని ఊరు ఆశ్రయమిచ్చినది పశ్చాత్తాపము లేమికి. క్రిస్టీ విచారముతో తల వంచుకొని యున్నచో ఒక పూట కూడు దొరకియుండును. గుడ్లు, వెన్న దొరకియుండవు. సింజ్ చేసిన ఈ మార్పులోనే నాటకమంతయు ఉన్నది. ఏమియు కోరని ఆశ్రయములో భంగమగుటకు షరతే లేదు. కోరి, కోరలేదన్నట్లు నటించిన ఆశ్రయములోనే చిక్కు.

ఆ చిక్కు తలకు కట్టు కట్టుకొని వచ్చినది. చచ్చినాడనుకొన్న తండ్రి బ్రతికియుండి కొడుకును వెదకుకొనుచు ఊరికి వచ్చినాడు. ఒక్క నిమిషములో వీరుడు అబద్ధాలకోరైనాడు. పోయిన పేరు నిలుపుకొనుటకు క్రిస్టీ తండ్రిని బయటికి తరిమి, అందరి యెదుటనే మరల పారతో కొట్టినాడు. తిన్నగా ఆలోచించినచో ఊరు తనను దేనికి మెచ్చినదో దానినే అతడు చేసినాడు. వెనుక చెప్పిన మాటను క్రియతో చెల్లించినాడు. ఊరు త్రాడు తెచ్చినది. అతనిని కట్టి పోలీసుల కప్పగింపనెంచినది, లేనిచో తామును ఆ నేరములో చిక్కుకొందుమని. బిగించినవారిలో పెగీన్ ఒకతె. వదలక పెనుగులాడుచున్న క్రిస్టీ కాలిని, పొయ్యిలో మండుచున్న పీటు పెళ్ళతో ఆమెయే కాల్చినది. వినిన కథకును తన పెరటిలో జరిగిన పనికిని నడుమ ఎంత దూరమున్నదో ఆమె అప్పుడు తెలిసికొన్నానన్నది.

ఇందు దోషమెవరిది? ఊరు కపటమైనదని చెప్పి విమర్శకులు పలువురు ఊరకుందురు. నాకు ఆ తీర్పుతో తృప్తి లేదు. ఊరి భయము నిజమైన భయము. కన్నులయెదుట హత్య జరిగినప్పుడు దాచుటకు నిరాకరించు హక్కు ఎట్టి ఊరికైనను కలదు. పలుకని మాటకు ప్రాణములొడ్డుమని ఎవరిని అడుగగలము? షరతులు ముందుగా చెప్పకపోవుటయు దానంతట అది నేరము కాదు. ఇంత కూడు పెట్టెదము, ఇంత కథ చెప్పుమని బేరమాడియున్నచో క్రిస్టీ కథ గొంతులోనే చచ్చియుండును. ఆదరము, స్నేహము, ప్రేమ మొదలైనవి ధర కట్టిన మరుక్షణము మరియొక వస్తువులగును. వానికి మౌనము గాలివంటిది. ఊరు చేసిన తప్పు వేరొకటి. తానిచ్చినది జ్ఞాపకముంచుకొన్నది, పుచ్చుకొన్నది పుచ్చుకొనలేదన్నది. నిన్నటినుండి వీడు మాకేమియు ఇయ్యలేదు, వట్టి అబద్ధములాడి మా కూడు తిన్నాడను భావమే ఆ త్రాటిలో ఉన్నది. అబద్ధమైనను ఆ కథవలన వారు పొందిన ఉల్లాసము అబద్ధము కాదు. పందెములో అతడు గెలిచిన గెలుపు అబద్ధము కాదు. అతనిని విడిచిపెట్టుటకును, విడిచిపెట్టుటతోపాటు ఋణమే లేదనుటకును భేదమున్నది. మొదటిది ఆత్మరక్షణ. రెండవది దొంగతనము.

తండ్రి రెండవసారియు చావలేదు. తండ్రీకొడుకులు కలసి వెడలిపోయినారు. ఇప్పుడు యజమాని కొడుకు. క్రిస్టీ ఆ ఊర రెండవ రాత్రి చూడలేదు. మైకేల్ జేమ్స్ ఇక నెమ్మదిగా త్రాగవచ్చునని కూతురిని సారా పోయుమన్నాడు. ఏమి పోయినదో తెలిసినది పెగీన్‌కు ఒక్కతెకే. ఆమె దుఃఖము ఆ యింట ఎవరికిని అర్థము కాలేదు.

సింజ్ తానును ఇట్టి పరాయివాడే. ప్రొటెస్టెంటు భూస్వాముల వంశమువాడు. కెథలిక్కు రైతుల, జాలరుల పొయ్యిలకడ కూర్చుండి వారి భాష నేర్చుకొన్నాడు. వారు కథలు చెప్పినారు. అతడు ఫిడేలు వాయించినాడు, తాను తీసిన ఛాయాచిత్రములు చూపినాడు. అది ఉభయులకును సంతోషమైన వ్యవహారమే. కాని 'ప్లేబాయ్' ముందుమాటలో అతడే ఒక సంగతి చెప్పుకొన్నాడు: విక్లో ప్రాంతమున ఒక పాతయింట తానున్న గది నేలలోని చీలికగుండ, క్రింద వంటయింటి పనిపిల్లల మాటలు వినెడివాడట. ఆ చీలికను తలచినప్పుడెల్ల నాకు కొంత ఇబ్బందిగా నుండును. ఆ పిల్లలు ఏ ఒప్పందమునకు ఒప్పుకొన్నారు? వారి పలుకుబడులు నాటకమై, నాటకము కీర్తియై, ఆ కీర్తిలో వారి వంతు ఎంత? సింజ్ ఈ సంగతిని దాచలేదు, ముందుమాటలో పెట్టినాడు. పుచ్చుకొన్నది పుచ్చుకొన్నానని ఒప్పుకొన్నాడు. నేను పైన ఊరిమీద మోపిన దోషమునుండి ఈ ఒక్క కారణమున అతనిని విడిచిపెట్టవచ్చునేమో.

డబ్లిన్ ప్రేక్షకులు విడిచిపెట్టలేదు. మొదటి రాత్రి మూడవ అంకములో స్త్రీల లోవస్త్రమును సూచించు ఒక మాట వినబడగానే గందరగోళము పుట్టినది. తరువాతి వారమంతయు నటుల నోళ్లు కదలుటయే గాని మాట వినబడలేదు. పోలీసులను పిలిపించినారు. ఇంగ్లీషు ప్రభుత్వపు పోలీసుల కాపుదలలో ఐరిష్ జాతీయ నాటకము! యేట్స్ ఆ ఫిబ్రవరి 4వ తేదీన రంగశాలలోనే బహిరంగ చర్చ జరిపించినాడు. నిరసించినవారిని మూఢులని కొట్టివేయుట తేలిక. వారి పక్షమున ఒక మాట కలదు. తమ పల్లెలు పవిత్రములని చూపి స్వరాజ్యమడుగుచున్న జాతి వారిది. పరాయి పాలకుడు వారిని మోటవారని శతాబ్దములుగా వెక్కిరించినాడు. అట్టివేళ తమలోనివాడు, అందులోను పై వర్గమువాడు, ఆ వెక్కిరింతకు సాక్ష్యమిచ్చినట్లు వారికి తోచినది. మా పొయ్యికడ కూర్చున్నవాడు మా పరువు కాపాడవలెనను షరతును వారు ఎన్నడును పలికియుండలేదు. అతడు ఎన్నడును ఒప్పుకొనియుండలేదు.

1905లో వచ్చిన 'ది వెల్ ఆఫ్ ది సెయింట్స్' లో సింజ్ ఇదే విషయమును తలక్రిందులు చేసి చూపియుండెను. మార్టిన్ డౌల్, అతని భార్య మేరీ ఇరువురును గ్రుడ్డివారు. దారిప్రక్క కూర్చుండి బిచ్చమెత్తుకొందురు. మీరు మిక్కిలి అందమైనవారని ఊరు వారితో వేడుకకై చెప్పుచు వచ్చినది. ఒక సాధువు తెచ్చిన తీర్థముతో చూపు వచ్చినది. ఒకరి రూపమొకరు చూచుకొని ఏవగించుకొన్నారు. కొంతకాలమునకు చూపు మరల పోయినది. సాధువు మరల వచ్చి శాశ్వతముగా చూపు నిచ్చెదనన్నప్పుడు మార్టిన్ తీర్థపాత్రను తన్నివేసినట్లు చేతితో ఎగురగొట్టినాడు. అప్పుడు ఊరు రాళ్లు రువ్వినది. బిచ్చమడిగినంతకాలము వారిని ఓర్చుకొన్న ఊరు, ఉపకారమును వద్దన్నంతనే ఓర్చుకొనలేకపోయినది. దాత కోరు ప్రతిఫలములలో కృతజ్ఞత ఎంత కఠినమైనదో ఇంత నిర్దయగా చూపిన రచన నాకు మరియొకటి తెలియదు.

తరువాతి కాలమున ఈ మౌనము మరింత నల్లబడినది. జాన్ బి. కీన్ నాటకము 'ది ఫీల్డ్' 1965లో డబ్లిన్‌లోని ఒలింపియా రంగశాలలో ఆడబడినది. స్వరాజ్యము వచ్చి నలుబదేండ్లు దాటినది. చట్టము ఇప్పుడు తమదే. బుల్ మెక్కేబ్ అను రైతు ఒక వితంతువు పొలమును కౌలుకు తీసికొని, ఎరువు వేసి, బాగుచేసి మేపుకొనుచున్నాడు. ఆమె దానిని వేలమునకు పెట్టినది. ఊరిలో ఎవరును పాడరు. పాడగూడదని ఎవరును చెప్పనక్కరలేదు. ఇంగ్లండునుండి విలియమ్ డీ యనువాడు వచ్చి పాడబోయినాడు. పొలమును సిమెంటు దిమ్మల తయారీకి వాడుకొనదలచినాడు. బుద్ధి చెప్పుటకై మెక్కేబ్, అతని కొడుకు కొట్టిన దెబ్బలకు అతడు చనిపోయినాడు. పోలీసు వచ్చినాడు, బిషప్పు వచ్చి ప్రసంగించినాడు. ఊరు నోరు విప్పలేదు. డీ పుట్టుకచేత ఐరిష్ వాడే యన్నది మరువరాదు. 1990లో వచ్చిన చలనచిత్రములో అతనిని అమెరికావానిగా మార్చినారు. అందుచేత కథ పదును తగ్గినదని నా అభిప్రాయము. పరాయితనము పుట్టుకలో లేదు. ఏది పాడదగినది, ఏది పాడదగనిది యను జ్ఞానము లేకుండుటలో ఉన్నది. ఒకప్పుడు ఆరన్ దీవిలో పారిపోయి వచ్చినవానిని కాచిన మౌనమే ఇచట హంతకుని కాచినది. మౌనము మారలేదు, దాని క్రింద తలదాచుకొన్నవాడు మారినాడు.

బ్రయన్ ఫ్రీల్ వ్రాసిన 'ట్రాన్స్‌లేషన్స్' 1980లో డెరీ నగరమున ప్రదర్శింపబడినది. కాలము 1833. ఇంగ్లీషు సైనికులు పటములు గీయుటకై ఒక గేలిక్ పల్లెకు వచ్చి, ఊళ్ల పేర్లను ఆంగ్లము చేయుచున్నారు. వారికి దుబాసియైన ఓవెన్ ఆ ఊరి బడిపంతులు కొడుకే. దొరలు అతనిని రోలండ్ అని పిలిచిరి; అతడు చాలకాలము దిద్దలేదు. పేరు మార్చుటకు వచ్చినవారు మొదట మార్చినది వాని పేరునే, అదియును వాని మౌనసమ్మతితో. వారిలో లెఫ్టినెంట్ యోలండ్ ఆ ఊరిని నిజముగా ప్రేమించినాడు. అతనికి ఐరిష్ రాదు, అతడు వలచిన మాయ్రాకు ఆంగ్లము రాదు. తామెరిగిన ఊళ్ల పేర్లనే ఒకరికొకరు వినిపించుకొనిరి. మరునాడు అతడు కనబడలేదు. ఏమైనదో నాటకము చెప్పదు, ఊరును చెప్పదు. తన పై యధికారి మాత్రము పశువులను కాల్చెదనని, ఇండ్లు కూలగొట్టెదనని ప్రకటించినాడు. తెగవెలుపల వివాహమాడుటను ఇరుప్రక్కలవారును సహింపరని గ్రీకు పదములు వల్లించు ముసలి త్రాగుబోతు ఒకడు మాయ్రాకు బోధించుట చివర జరిగినది. ఆ షరతు నాటకమున స్పష్టముగా పలుకబడిన చోటు అది యొక్కటే. అప్పటికి దానివలన ఉపయోగము లేదు.

దీనికి ఒక సంవత్సరము ముందు, 1979లో, న్యూయార్కులో వచ్చిన ఫ్రీల్ నాటకము 'ఫెయిత్ హీలర్' లో మాత్రము పరాయివానికి షరతు ముందే తెలియును. ఫ్రాంక్ హార్డీ రోగములు నయము చేయువాడు. వేల్సు, స్కాట్లండు పల్లెలలో ఏండ్లతరబడి తిరిగినాడు. ఆ శక్తి ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు రాదో అతనికే తెలియదు. రాని రాత్రులే ఎక్కువ. చివరకు స్వదేశమునకు తిరిగి వచ్చి ఒక సారాయి అంగడిలో పెండ్లి విందు ముగించుకొని వచ్చిన యువకులతో త్రాగినాడు. వారిలో ఒకని వంకర వ్రేలును సరిచేసినాడు. అంతటితో వారు, నడువలేని తమ స్నేహితుని తీసికొని వచ్చెదమన్నారు. ఎవరును బెదరించలేదు. ఏమియు జరుగనిచో ఏమి జరుగునో ఎవరును అనలేదు. ఈ రాత్రి ఏమియు జరుగదని ఫ్రాంక్‌కు తెలియును. తెల్లవారకముందు అతనిని పెరటిలోనికి పిలిచినారు. అక్కడ నిలిపిన బండిలో గొడ్డలి, గునపము, సుత్తి, గడ్డిపంగల కర్ర ఉన్నవి. వానిని అతడు చూచినాడు. చక్రముల కుర్చీలో ఆ యువకుడున్నాడు, చుట్టును స్నేహితులున్నారు. ఫ్రాంక్ టోపీ తీసి, కోటు సరిచేసికొని, వారివైపు నడచినాడు.